బొమ్మ కదుల్తలేదు

మా పనిలో నాలుగు అంకెలకు ఉన్న విలువ దేనికీ లేదు. నెట్ బాగు చేశాక కస్టమర్ ఫోనుకు కంపెనీ ఒక కోడ్ పంపుతుంది. ఆ కోడ్ ఆయన మాకు చెప్పాలి, మేము మా ఫోన్లో కొట్టాలి, అప్పుడు కంప్లైంటు మూసుకుంటుంది. పద్ధతి అది. కానీ నాలుగు గంటల్లో మూయకపోతే ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. అందుకని ఈ లైన్లో ఉన్నవాళ్ళం అందరం ఒక తెలివి నేర్చుకున్నాం. ఇంట్లో అడుగు పెడుతూనే "ముందుగాల కోడ్ చెప్పున్రి, తర్వాత సర్వర్ బిజీ ఐతది" అంటాం. కోడ్ కొట్టేశాక పని మొదలు పెడతాం. నేను పదకొండేళ్ళు అలాగే చేశాను, ఒక్క మాట పడలేదు. తిరుమలగిరి చుట్టుపక్కల దివాకర్ అంటే పనిమంతుడు అనే పేరు. ఆ పేరు ఎవరైనా ఎత్తితే ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది.

మల్లేశ్ గౌడ్‌ది తిరుమలగిరికి ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి. నాలుగేళ్ళ కింద చెట్టు మీద నడుముకు కట్టుకున్న మోకు జారి కింద పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ మెడ విరిగింది. అప్పటి నుంచి మెడ కింది ఒళ్ళు అతని మాట వినదు. చేతులు మోచేతి వరకు కాస్త లేస్తాయి, వేళ్ళకు పట్టు లేదు. ఫోన్ ఎత్తలేడు, నీళ్ళ గ్లాసు పట్టలేడు. దాంతో పాటు ఇంకో తిప్పలు. అలా మెడ విరిగినవాళ్ళకు ఒంటికి చెమట పట్టదట. వేడి ఒంట్లోకి పోవడమే గానీ బయటికి రాదు, ఎండాకాలం మనిషిని చల్లగా ఉంచకపోతే ప్రాణం మీదికి వస్తుంది అని డాక్టర్లు అతని భార్య నిరోషకు గట్టిగా చెప్పి పంపారు.

వాళ్ళది రేకుల ఇల్లు. పిల్లలు లేరు. నిరోష తిరుమలగిరిలో ఒక బట్టల షాపులో చీరలు చూపించే పని చేసి ఇల్లు నడుపుతుంది. మంచం పక్కన కూలర్ పెట్టింది. మార్చి నుంచి జూన్ దాకా పగలంతా అది తిరుగుతూనే ఉంటుంది.

మంచానికి ఎదురుగా గోడ మీద ఒక తెల్లటి కెమెరా ఉంది. రెండేళ్ళ కింద దాన్ని పెట్టింది నేనే. అది చూస్తుంది, వింటుంది, అవతలివాళ్ళ మాట వినిపిస్తుంది. మల్లేశ్ పడుకున్న చోటి నుంచి "నిరోషా, దూపైతాంది" అంటే షాపులో ఉన్న నిరోష ఫోన్లో వినపడుతుంది. ఆమె వెంటనే పక్కింటి గుర్వమ్మకు ఫోన్ చేస్తుంది. గుర్వమ్మ వచ్చి నీళ్ళు తాగించి పోతుంది. గుర్వమ్మ ఇంటికీ వీళ్ళ ఇంటికీ మధ్య ఒక్క గోడ అడ్డం. మల్లేశ్ కొంచెం గొంతు పెంచితే నేరుగా ఆమెకే వినపడుతుంది. అయినా పిలవడు. గోడ అవతలికి పోవాల్సిన మాట తిరుమలగిరి దాకా పోయి తిరిగి రావాలి. ఒకసారి నవ్వుతూ అడిగాను, ఎందుకయ్యా ఈ చుట్టు తిరుగుడు అని.

"నిరోష చెప్తే ఆమె సాయం జేసినట్టుంటది అన్నా. నేను కేకేస్తే వాళ్ళ మీద పడి బతికినట్టుంటది. పరాయి ఆడామెను పట్టుకొని నాకు గిది జెయ్యి, గది జెయ్యి అని ఎట్ల పిలుస్త?" అన్నాడు.

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. మంచాన పడ్డా పౌరుషం మంచాన పడలేదు. అతని ప్రాణం ఆ కెమెరాకు కట్టి ఉందని నిరోషకు తెలుసు, అతనికి తెలుసు. అందరికంటే బాగా తెలియాల్సింది నాకు.

మే నెల మూడో వారంలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. వాన నాలుగు చినుకులే గానీ పిడుగులు బాగా పడ్డాయి. తెల్లారేసరికి కాలిపోయిన మోడెముల కంప్లైంట్లు నా పేరు మీద పంతొమ్మిది. మల్లేశ్ ఇల్లు వాటిలో మూడోది. నేను వెళ్ళేసరికి తొమ్మిది దాటింది. నిరోష చేతిలో స్కూటీ తాళంచెవి పట్టుకొని గడపలోనే నిలబడి ఉంది.

"జల్ది జెయ్యన్నా. పెండ్లిల్ల సీజను, సేటు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ జేసిండు. కెమెరా నడువకుంటె ఈయన్ని ఇడిసిపెట్టి నేను పోను" అంది.

"పది నిమిషాల పని చెల్లె. ముందుగాల కోడ్ చెప్పు" అన్నాను.

చెప్పింది. కొట్టాను. కంపెనీ లెక్కలో ఆ ఇంటి నెట్ అప్పుడే బాగైపోయింది. నేను ఇంకా సంచి కూడా విప్పలేదు.

ఆ ఇంట్లో రెండు డబ్బాలు. ఒకటి మోడెం, బయటి నుంచి వచ్చే వైరు అందులో దిగుతుంది. రెండోది రూటర్, వైఫై ఇచ్చేది అదే, కెమెరా దాని మీదే నడుస్తుంది. పిడుగుకు మోడెం పోయింది, రూటర్ బతికింది. నేను తెచ్చిన కొత్త మోడెం తన వైఫై కూడా తనే ఇచ్చే రకం. అంటే ఇప్పుడు ఆ ఇంట్లో రెండు వైఫైలు. మోడెం పెట్టి, పచ్చ లైటు రాగానే దాని వైఫైకి నా ఫోన్ కలిపి ఒక పాట పెట్టి చూశాను. ఆగకుండా ఆడింది. రూటర్ వైరు మోడెంకు గుచ్చాను. నిరోష తన ఫోన్లో కెమెరా తెరిచింది. మంచం, మల్లేశ్, అతని కాళ్ళ దగ్గర కిటికీలోంచి పడ్డ ఎండ, అన్నీ కనపడ్డాయి. మల్లేశ్ కెమెరా వైపు తల తిప్పి నవ్వాడు. ఫోన్లో కూడా నవ్వాడు.

"వచ్చింది గదా?" అన్నాను.

"వచ్చిందన్నా" అంది. ఆమె ముఖం తేటపడింది.

అది నెట్ కాదు. నిరోష ఫోన్, కెమెరా రెండూ అదే పాత రూటర్ వైఫై మీద ఉన్నాయి. అలా ఒకే రూటర్ మీద ఉంటే నెట్ లేకపోయినా ఇంటి లోపల బొమ్మ కనపడుతుంది. గడప దాటితే కనపడదు. ఇది మా పనిలో చేరిన మొదటి నెలలో నేర్పే పాఠం. "వైఫై బంద్ జేసి, సిమ్ము మీద ఒకసారి చూడు చెల్లె" అని అనాలి. ఒక్క మాట. నాకు తెలియక కాదు. ఇంకా పదహారు ఇళ్ళు ఉన్నాయని అనలేదు.

నిరోష అతని నోట్లో నాలుగు గుక్కల నీళ్ళు పోసి, తల కింద దిండు సర్ది, మధ్యాహ్నం అన్నం పెట్టడానికి వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. నేను మోడెంను గోడకు బిగించడానికి ఉన్నాను. డ్రిల్లు మిషన్‌కు ప్లగ్గు కావాలి. గోడకు రెండే ఉన్నాయి. ఒకదాంట్లో మోడెం, రూటర్, కెమెరాలకు కరెంటు ఇచ్చే పెట్టె, రెండోదాంట్లో కూలర్. కూలర్ ప్లగ్గు పీకి డ్రిల్లు పెట్టాను. రెండు రంధ్రాలు, రెండు స్క్రూలు. అప్పుడే ఆఫీసు నుంచి ఫోన్. ఇంకా మూడో ఇంట్లోనే ఉన్నావా, మిగతావి ఎవడు మూస్తాడు అని ఒక పిల్లాఫీసరు నా వయసు చూడకుండా మాట్లాడాడు. నేనూ నాలుగు మాటలు అన్నాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని, డ్రిల్లు సంచిలో వేసుకొని లేచాను. కూలర్ ప్లగ్గు నేల మీద ఉండిపోయింది.

పోతూ పోతూ మల్లేశ్‌కు ధైర్యం కూడా చెప్పాను. "ఇగ ఏం ఫికర్ లేదు తమ్మీ. నువ్విక్కడ మాట్లాడితే గక్కడ ఆమెకు ఇంటది."

అతను తల ఊపాడు. బండి స్టార్ట్ చేస్తుంటే లోపలి నుంచి ఏదో అన్నాడు. భార్యతో మాట్లాడుతున్నాడు అనుకున్నాను. ఆఫీసువాడి మీద కోపం దిగక, బండి గట్టిగా తిప్పి వెళ్ళిపోయాను.

పదకొండున్నరకు నేను వేరే ఊళ్ళో స్తంభం మీద ఉన్నాను. నిరోష ఫోన్ చేసింది.

"అన్నా, బొమ్మ కదుల్తలేదు."

"అసలుకే వస్తలేదా?"

"వస్తాంది. ఆయన కనవడ్తుండు. గని కదుల్తలేదు. నేను మాట్లాడితే పలుకుతలేడు."

"నిద్రవోయిండు గావచ్చు. యాప్ మూసి మల్ల తెరువు."

"తెరిసిన. గట్లనే ఉన్నది."

"ఫోన్ బంద్ జేసి ఆన్ జెయ్యి."

రెండు నిమిషాల తర్వాత మళ్ళీ చేసింది. "గట్లనే ఉన్నదన్నా."

నేను స్తంభం మీది నుంచే కంపెనీ యాప్ తెరిచి ఆ ఇంటి నంబరు కొట్టాను. మోడెం పచ్చగా ఉంది. మోడెంకు నెట్ ఉంది కాబట్టి పచ్చగానే ఉంటుంది. దాని వెనక రూటర్ చచ్చిందో బతికిందో మా యాప్‌కు కనపడదు.

"మా దిక్కు మంచిగ నడుస్తాంది చెల్లె. నెట్ లేకుంటె నల్లగ కనవడాలె. బొమ్మ వస్తాందంటే నెట్ ఉన్నట్టే. మీ షాపుల సిగ్నల్ తక్కువున్నట్టుంది" అన్నాను.

అది అబద్ధం. నెట్ తెగిపోతే ఆ యాప్ ఆఖరున చూసిన బొమ్మనే నిలబెట్టి చూపిస్తుంది. నిరోష చూస్తున్నది పొద్దున మేమందరం ఉన్నప్పటి మల్లేశ్‌ను. ఆ క్షణంలో నాకు గుర్తుకు రాలేదు అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. గుర్తుకు వస్తే స్తంభం దిగి ఆ ఎండలో మళ్ళీ అక్కడికి పోవాలి. అందుకని గుర్తు తెచ్చుకోలేదు.

"గుర్వమ్మత్తకు ఫోన్ జేసి ఒకసారి చూడుమందునా?" అని అడిగింది.

"పండుకున్న మనిషిని లేపుడెందుకు చెల్లె?" అన్నాను.

సరే అంది. పనిమంతుణ్ణి కదా, నా మాట నమ్మింది.

రెండు కావస్తుండగా మూడోసారి చేసింది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"అన్నా, ఎండ కదుల్తలేదు."

"ఏందీ?"

"పొద్దుగాల కిటికీలకెల్లి ఎండ ఆయన కాళ్ళకాడ పడ్డది గదా. ఇప్పుడు పొద్దు నెత్తి దాటింది. ఫోన్ల ఎండ గక్కడ్నే ఉన్నది. గిది ఇప్పటి బొమ్మ కాదన్నా. గుర్వమ్మత్త ఫోన్ ఎత్తుతలేదు. పొద్దుగాల ఆలస్యమైందని సేటు తిండికి గూడ ఇడుస్తలేడు. సేటు ఏమన్నా అనుకోని, నేను పోతున్న."

ప్లగ్గు అప్పుడు గుర్తొచ్చింది. "నేను దగ్గర్నే ఉన్న చెల్లె, నేను పోత" అని బండి తీశాను. నాకు నాలుగు కిలోమీటర్లు, ఆమెకు ఏడు.

తలుపు దగ్గరికి వేసి ఉంది. తోశాను. లోపలి వేడి ముఖానికి కొట్టింది. మల్లేశ్ కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, చూపు లేదు. పెదవులు ఎండి పగిలాయి. ఊపిరి గబగబా ఆడుతోంది. ఒంటి మీద చెయ్యి వేస్తే చుర్రుమంది, ఒక్క చుక్క చెమట లేదు. కూలర్ ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంది. ప్లగ్గు నేల మీద, నేను పడేసిన చోటే ఉంది.

అప్పుడు నేను మొదట చేసిన పని చెప్పాలి. అతని నోట్లో నీళ్ళు పోయలేదు. అంబులెన్సుకు ఫోన్ చేయలేదు. వంగి ప్లగ్గు తీసి గోడకు పెట్టాను. కూలర్ తిరిగింది. అది తిరిగాక అతని ముఖం మీద నీళ్ళు చల్లాను, తడి బట్ట ఒంటి మీద వేశాను, ఫోన్ చేశాను. ఆ కొద్ది క్షణాల్లో నేను ఎలాంటివాణ్ణో నాకు తెలిసిపోయింది. పోయేదాకా మర్చిపోలేను.

నిరోష వచ్చేసరికి గదిలో కూలర్ తిరుగుతోంది. ఆమె అతని తల ఒళ్ళో పెట్టుకొని పేరు పెట్టి పిలిచింది. అంతకు ముందెప్పుడూ ఆమె అతన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. అంబులెన్సు రాగానే అతన్ని ఎత్తుకొని ఎక్కించింది నేనే. పెద్ద దవాఖానలో రెండు రోజులు ఉన్నాడు. కళ్ళు తెరవలేదు, మూడో రోజు తెల్లవారుజామున పోయాడు. వడదెబ్బ అని రాశారు.

చావు దగ్గర గుర్వమ్మ నలుగురిలో నన్ను చూపించి "దివాకర్ ఉరికొచ్చిండు గాబట్టి గా రెండు దినాలన్నా దక్కిండు" అంది. జనం నాకు జాగా ఇచ్చి కూర్చోబెట్టారు. ఈ ఎండలకు కూలర్ గాలి ఏం ఆగుతుంది అని ఒకాయన అన్నాడు, అవును అన్నారు అందరూ. నేను కూడా అవును అన్నాను.

దినాలు అయిపోయాక నిరోష నాకు ఫోన్ చేసింది.

"అన్నా, కెమెరాల చిన్న కార్డు ఉంటది, నెట్ లేకున్నా గండ్ల రికార్డు ఐతది అన్నవు గదా పెట్టినప్పుడు. గా దినంది జర తీసియ్యవా? ఆఖరుకు ఆయన ఎట్లున్నడో చూస్త."

వెళ్ళాను. మంచం ఎత్తేసి గోడకు నిలబెట్టారు. ఆమె టీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను కెమెరా వైపు చూడలేక ముందు రూటర్ దగ్గర కూర్చున్నాను. తప్పు ఎక్కడుందో అప్పుడు చూశాను. కొత్త మోడెంకు, పాత రూటర్‌కు లోపలి నంబరు ఒకటే ఉంది. ఒకే వీధిలో రెండు ఇళ్ళకు ఒకే డోర్ నంబరు ఉంటే ఉత్తరం ఎక్కడికి పోవాలో తెలియనట్టు, రూటర్ నుంచి బయటికి ఒక్క మాటా పోలేదు. రూటర్ నంబరు మార్చాను. మోడెం ఆపి, రూటర్ ఆపి, ముందు మోడెం, అది పచ్చబడ్డాక రూటర్ ఆన్ చేశాను. నా ఫోన్‌ను రూటర్ వైఫైకి కలిపి చూశాను. నెట్ వచ్చింది. రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు ఆ రోజు నా దగ్గర లేవా? ఆఫీసువాడితో కొట్లాడటానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

కార్డు తీసుకొని, ఖరాబైందేమో ఇంటి దగ్గర చూసి తెస్తానని చెప్పి టీ తాగకుండా వచ్చేశాను.

ఇంట్లో తలుపు పెట్టుకొని చూశాను. నేను బండి స్టార్ట్ చేస్తున్నప్పుడు మల్లేశ్ పిలిచింది నన్నే. "అన్నా, కూలర్" అన్నాడు. నేను వినలేదు. అప్పుడతను కెమెరా వైపు తిరిగాడు. అక్కడి నుంచి ఆ గోడతోనే మాట్లాడాడు. ఎక్కడా గొంతు పెంచలేదు. గుర్వమ్మను ఒక్కసారి కూడా పిలవలేదు. ఎందుకు పిలుస్తాడు? భార్య వింటోంది, ఇప్పుడో ఇంకాసేపటికో ఆమె గుర్వమ్మకు ఫోన్ చేస్తుంది అని అతని ధీమా. ఆ ధీమా ఇచ్చి పోయింది నేను. "పనిల ఉన్నట్టున్నవు. ఐనంకనే చెయ్యి తియ్" అన్నాడు ఒక చోట. మధ్యాహ్నం అయ్యేసరికి మాట ముద్దగా వస్తోంది. నన్ను ఎక్కడా తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం ఊపిరి ఆడేది నాకు.

మూడు రోజులు ఆ కార్డు నా దగ్గరే ఉంది. చెరిపేయాలని రెండుసార్లు ఫోన్‌కు పెట్టాను, తీశాను. ప్లగ్గు సంగతి బయటపడుతుందని ఒక భయం. దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది. తన మాట భార్యకు వినపడుతోందనీ, విని కూడా ఆమె రాలేదనీ అనుకుంటూ పోయాడు అతను. ఇది ఆమె వినాలా? వినకపోతేనే ఆమెకు మంచిది కదా అనుకున్నాను. ఆమెకు మంచిదీ నాకు మంచిదీ ఒకటే కావడం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నాలుగో రోజు మనసులో అబద్ధం తయారు చేసుకొనే వెళ్ళాను.

నిరోష వాకిట్లో చాప వేసుకొని కూర్చుని ఉంది. నేను ఎదురుగా గడప మీద కూర్చున్నాను.

"ఏం లేదు చెల్లె గండ్ల. పండుకొనే ఉన్నడు. బాధ పడలేదు. నిద్రల్నే గట్ల అయిపోయిండు" అన్నాను.

"నన్ను పిలువలేదా?"

"లేదు."

ఆమె చాప అంచు సర్దింది. తర్వాత తల ఎత్తకుండానే మాట్లాడింది.

"గుర్వమ్మత్త ఇన్నదట అన్నా. గా దినం పొద్దుగాల్నుంచి మాట్లాడుతనే ఉన్నడట. కూలర్ సప్పుడు లేకపాయె, గోడ ఇవుతలికి మంచిగ ఇనవడ్డదట. ఆలుమగల ముచ్చట మనకెందుకని చెవున బెట్టలేదట."

నా చెయ్యి జేబులోని కార్డు మీదికి పోయింది.

"కూలర్ సప్పుడు లేదన్నది. నేనొచ్చేవరకు కూలర్ తిరుగుతాంది. నాకంటె ముందుగాల వచ్చింది నువ్వొక్కనివే. పొద్దుగాల ఆఖరుకు పోయింది గూడ నువ్వే."

గొంతులో కోపం లేదు. చెప్పు తీసుకొని కొట్టినా పడేవాణ్ణి. ఆమె చీరల మడతలు లెక్కపెట్టినంత నెమ్మదిగా ఒక్కొక్కటి చెప్పింది.

"నేనే పీకిన చెల్లె. డ్రిల్లుకోసం. మర్సిపోయిన. మల్ల నేనే పెట్టిన, ఎవలకు తెల్వొద్దని" అన్నాను. ఆ మాట అన్నాక ఏడుపు వచ్చింది. సిగ్గు లేకుండా ఆమె ముందే ఏడ్చాను.

ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు, తిట్టలేదు. చెయ్యి చాపింది.

"కార్డియ్యి."

"చూడకు చెల్లె. నీ కాళ్ళు మొక్కుత. నీ పాణం తట్టుకోదు. నువ్వు ఇంటున్నవనుకున్నడు ఆయన."

"ఇయ్యి అన్నా."

జేబులోంచి కాగితం పొట్లం తీశాను. ఆ కార్డు ఆమె ఫోన్లో పట్టదు, దాన్ని చదవడానికి వేరే చిన్న డబ్బా కావాలి. అది నా సంచిలోనే ఉంది. నా చేతులతోనే కార్డు అందులో పెట్టి, వైరు ఆమె ఫోన్‌కు గుచ్చి, ఆ రోజు తేదీ తీసి ఇచ్చాను. బయట ఎండ మండిపోతోంది. ఆమె లోపలికి పోయి, మంచం ఉండే జాగాలో నేల మీద కూర్చుంది. నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. నేను గడపలోనే ఉన్నాను.

ఫోన్లోంచి మల్లేశ్ గొంతు వచ్చింది, ఎప్పటిలా మెల్లగా.

"నిరోషా, దివాకరన్న కూలర్ ప్లగ్గు పీకి మర్సిపోయిండు. గుర్వమ్మకు ఫోన్ జేసి జర పెట్టుమను."

నిరోష నా వైపు చూడలేదు. ఫోన్‌ను రెండు చేతులతో ముఖానికి దగ్గరగా పట్టుకుంది. ఫోన్లో కాసేపు బయట కాకులు అరిచిన చప్పుడు, ఎక్కడో ట్రాక్టరు పోయిన చప్పుడు. ముందుకు జరుపుతుందేమో అనుకున్నాను. జరపలేదు. అందులో ఇంకా నాలుగు గంటల రికార్డు ఉంది.

"గిరాకి ఎక్కువున్నదా?" అన్నాడు మల్లేశ్. ఇంకాసేపు ఆగి అడిగాడు. "నిరోషా, ఇంటున్నవా?"

"ఇంటున్న" అంది నిరోష. "చెప్పు."